కోటాచారి గారు బిట్టు విప్పిన సాయంత్రం

1964, మే నెల, మూడో శనివారం, సాయంత్రం. వర్క్‌షాపులో ఉన్నవారు: యజమాని వెంకటరత్నం గారు, మిషను మేస్త్రి కోటాచారి గారు, చాట్రాయి వైపు నుంచి ఎడ్లబండి కట్టుకొచ్చిన యోహాను, ఆయనతో వచ్చిన పాస్టరు గారు, నేను. ఉండవలసిన పనివాళ్ళు గాలివానకి రాలిన కాయలు ఏరడానికి తోటలకి పోయారు.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న ఆ పేజీ తీయవలసి వచ్చింది. మా పై వాటాలో అలమరలు చేస్తున్న వడ్రంగి చేతి మిషనుతో చెక్క అంచు తీస్తూ ఎక్కడో ఒకచోట ఆగినట్టున్నాడు. చెక్క కమిలిన వాసన మెట్లు దిగి మా ముందుగదిలోకి వచ్చింది. తియ్యగా మొదలై గొంతులో చేదుగా నిలిచిపోయే వాసన. కాఫీ గ్లాసు పక్కన పెట్టి "పలక ఆపకండి, నడిపించండి" అనేశాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఆ మాట నాది కాదు. కోటాచారి గారిది. ఆయన్ని చూసినవాళ్ళు ఇప్పుడు నాకు తెలిసి ఎవరూ మిగల్లేదు కాబట్టి, చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నూజివీడులో వెంకటరత్నం గారి వర్క్‌షాపులో నేను గుమాస్తాని. మాది బాపులపాడు దగ్గర పల్లె. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, ఇంకెక్కడా ఉద్యోగం దొరక్క అక్కడ చేరాను. తలుపులు, కిటికీలు, బెంచీలు, మామిడికాయల సీజనులో ఎగుమతి పెట్టెలు, ఇదీ మా పని. కోటాచారి గారు నా తర్వాతి ఏడు వచ్చారు. సన్నగా, కాస్త వంగిన మనిషి. కళ్ళజోడుకి ఒకవైపు కాడ బదులు దారం ఉండేది. పంచె గోచీ పెట్టి, జంధ్యాన్ని మొలలోకి దోపుకుని గానీ మిషను దగ్గరికి వెళ్ళేవారు కాదు. తిరిగే ఇనుము దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదనేవారు.

ఆయన పనికోసం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వెంకటరత్నం గారు ముందుగా ఆయన చేతులు చూశారు. ఆ రోజుల్లో మిషను మేస్త్రుల్ని అలాగే చూసేవారు.

"ఏంటి, వేళ్ళన్నీ ఉన్నాయే! బెజవాడలో ఏళ్ళ తరబడి మిషను మీద చేశానంటున్నావు?"

"చేశానండి."

"నిన్న ఒకాయన వచ్చాడు. కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. సర్వీసంటే అదీ."

"ఆ మూడూ ఎవరి షాపులో వదిలేసొచ్చాడో అడిగారా అండీ?" అన్నారు కోటాచారి గారు, చాలా మర్యాదగా.

వెంకటరత్నం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనకి కోపమూ నవ్వూ రెండూ తొందరగానే వచ్చేవి. మర్నాటి నుంచి కోటాచారి గారు మా మేస్త్రి.

ఆయన చూసే మిషనుని మేం స్పిండిల్ మిషను అనేవాళ్ళం. ఇనుప బల్ల మధ్యలోంచి నిట్టనిలువుగా ఒక కడ్డీ పైకి వస్తుంది. దానికి కత్తులు బిగించి తిప్పి, పలకని బల్ల మీద ఆనించి తోసుకుంటూ పోతే అంచు వెంట కావలసిన మలుపు పడుతుంది. తలుపు చట్రాలకి, లావు పనులకి అది మంచిదే. నాజూకు పనులకి మాత్రం పెద్ద కత్తులు పనికిరావు. ఒకసారి వెంకటరత్నం గారు మద్రాసు వెళ్ళి ఎవరో మూసేసిన షాపు సామాను చవగ్గా వస్తుందని కొనుక్కొచ్చారు. అందులో చేత్తో పట్టుకుని నడిపే రౌటర్ మిషను ఒకటుంది. దాని మోటారు కాలిపోయి ఉంది. దాని బిట్లు మాత్రం నూనె గుడ్డలో చుట్టి, చిన్న పెట్టెలో కొత్తవాటిలా మెరుస్తున్నాయి. చిటికెన వేలంత కాడ, దాని చివర రెండు రెక్కలు. ఒకటి గుండ్రంగా గాడి తీసేది, ఒకటి అంచుని పూసగా మలిచేది.

"వీటిని మన స్పిండిల్‌కి తగిలిస్తే?" అన్నారు వెంకటరత్నం గారు.

కోటాచారి గారు అవుననలేదు, కాదనలేదు. ఒక బిట్టు తీసి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు తిప్పి చూశారు. ఆ వారం బెజవాడ వెళ్ళి, లేతు షాపువాడి పక్కనే కూర్చుని, మా కడ్డీ తలకి సరిపడే చక్కు ఒకటి చేయించుకొచ్చారు. బిట్టు కాడని పట్టి ఉంచేది అది. కాడని అడుగు తగిలేదాకా దించి, వెంట్రుకవాసి పైకి లాగి అప్పుడు బిగించేవారు. అడుగు తగిలి ఉంటే నట్టు బిగిసినట్టే ఉంటుందట, కానీ పట్టు ఉండదట.

మొదటి రోజు వెంకటరత్నం గారి తొందర మీద పలకని ఒకే విడతలో తోశారు. పీచు లేచి, అంచు నల్లగా కమిలింది. వెంకటరత్నం గారు బిట్టుని తిట్టారు, మద్రాసు వాణ్ణి తిట్టారు.

"బిట్టుది తప్పేం లేదండి. ఇది చాలా వేగంగా తిరిగే మిషను కోసం పుట్టింది. మన కడ్డీ అంత వేగం తిరగదు. పసిపిల్ల నోరండి ఇది. చిన్న చిన్న ముద్దలు పెట్టాలి," అన్నారు కోటాచారి గారు.

అలాగే పెట్టారు. ముందు గోరంత లోతు, తర్వాత ఇంకొంచెం, ఆఖరున గీరీ గీరనట్టు ఒక విడత. బిట్టు తిరిగే దిక్కుకి ఎదురుగా పలకని నడిపించేవారు. చేతులు తొందరపడేవి కావు, ఆగేవీ కావు. ఆగితే కమిలిపోతుంది, తొందరపడితే చిరుగుతుంది. పని అయ్యాక ఆ అంచు మీద బొటనవేలు నడిపి నన్నూ నడిపి చూడమనేవారు. "కంటిని నమ్మకండి గుమాస్తా గారూ, అది ఊరికే మెచ్చేసుకుంటుంది" అనేవారు. లెక్కలు రాసుకునే నాకు చెక్క మీద చెయ్యి వేయడం నేర్పింది ఆయనే. పొడుగు పలకలు తోసేటప్పుడు అవతలి వైపు నిలబడి అందుకునే మనిషి కావాలి. పనివాళ్ళు లేనప్పుడు నన్ను పిలిచేవారు. పిలవగా పిలవగా నాకే ఆ పని ఇష్టమైంది. కలం పక్కన పెట్టి నేనే వెళ్ళి నిలబడేవాణ్ణి.

ఆయనకి ఒక అలవాటుండేది. రోజూ పొద్దున మిషను ముట్టుకునే ముందు చక్కులోంచి బిట్టు తీసేసేవారు. ఖాళీ కడ్డీ తల మీద పక్కగా కుంకుమ బొట్టు ఒకటి పెట్టేవారు. అందరినీ పక్కకి జరగమని, స్విచ్చి ఇలా వేసి అలా తీసేసేవారు. కడ్డీ తిరిగి తిరిగి ఆగిపోయేదాకా చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ నిలబడేవారు. ఆ తర్వాతే బిట్టు బిగింపు. మేమంతా అది పూజ అనుకునేవాళ్ళం. విశ్వబ్రాహ్మణులకి పనిముట్టే దేవుడు కదా అని ఊరుకునేవాళ్ళం. పనివాళ్ళు వెనక నిలబడి దణ్ణం పెట్టేవారు కూడా.

చాలా రోజుల తర్వాత ఉండబట్టలేక అడిగాను. "ఏ మంత్రం చదువుతారు ఆచారి గారూ?"

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు. "మంత్రమేంటండీ? ఎటు తిరుగుతుందో చూస్తున్నాను. పూర్తి వేగంలో కంటికి ఆనదు. ఆగబోయే ముందు బొట్టు కనిపిస్తుంది."

"రోజూ ఒకవైపే కదా తిరిగేది?"

"మీ ఊళ్ళో మోటారు బావులున్నాయా?"

ఉన్నాయన్నాను.

"గాలివానకి తీగలు తెగితే లైన్‌మన్ వచ్చి మళ్ళీ కడతాడు. ఒక్కోసారి ఈ తీగ అక్కడా, ఆ తీగ ఇక్కడా కడతాడు. అప్పుడు మోటారు ఏం చేస్తుంది?"

అది తోటల వాళ్ళందరికీ తెలిసిందే. మోటారు ఝుమ్మని తిరుగుతుంది, నీళ్ళు మాత్రం రావు. తిరగబడిందంటారు. మెకానిక్కుని పిలిచి తీగలు మార్పిస్తారు.

"బావి దగ్గర తిరగబడితే నీళ్ళు రావు, అంతే. ఇక్కడ తిరగబడితే నట్టు వదులై బిట్టు లేచిపోతుంది. లేచిపోకపోతే ఇంకా అన్యాయం. పలకని నా చేతుల్లోంచి లాక్కుని అవతల నిలబడ్డ మనిషి పొట్టలోకి విసురుతుంది. బెజవాడలో చూశాను." ఆ బెజవాడ మనిషి ఎవరో, ఏమయ్యాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అవతల నిలబడేది నేనేనన్న సంగతి మాత్రం ఆ పూట బాగా తలకెక్కింది.

ఇక ఆ శనివారం సంగతి. యోహాను మామిడి తోటల్లో కోత కూలీలకి పెద్ద. వాళ్ళ పల్లెలో కూలీ జనమంతా కలిసి చిన్న గుడి కట్టుకున్నారు. అంతకుముందు ఏడాది గాలికి గుడి స్థలంలోని పనసచెట్టు పడిపోతే, దాన్ని అమ్ముకోకుండా పలకలు కోయించి, నీడలో ఆరబెట్టి మా దగ్గరికి తెచ్చారు. పాస్టరు నిలబడి వాక్యం చెప్పే పీఠం చేయాలి. ఆదివారం పొద్దున గుడి తెరుస్తారు. పసుపుపచ్చటి మంచి చెక్క, కానీ సరిగ్గా సరిపోయేంతే ఉంది. ఒక పలక పాడైతే ఇంకో పలక లేదు. అంచులకి పూస మలుపు కావాలన్నారు. అది ఆ మద్రాసు బిట్టుతో తప్ప పడదు.

సగం పలకలు అయ్యేసరికి గాలివాన వచ్చింది. కాయ రాలింది, తీగలూ రాలాయి. ఆ వారమంతా కరెంటు లేదు. ఊరంతా రాలుకాయల వాసన. హనుమాన్ జంక్షన్ వైపు బండ్లు బారులు తీరాయి. పలక మధ్యలో పని ఆగడంతో బిట్టు చక్కులోనే ఉండిపోయింది. శనివారం సాయంత్రం కరెంటు వచ్చింది. లైన్‌మన్ సైకిలెక్కి పోతూ "ఎంతసేపుంటదో చెప్పలేనండీ" అని కేకేసి పోయాడు.

వెంకటరత్నం గారు చేతులు చరిచారు. "కానీ ఆచారీ, కానీ! బిట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది. తోసెయ్యడమే."

కోటాచారి గారు స్పానరు తీసుకుని నట్టు విప్పడం మొదలుపెట్టారు.

"ఏం చేస్తున్నావ్?"

"తీసి చూడాలి కదండీ."

ఆ మాట విలువ అక్కడ నాకూ, వెంకటరత్నం గారికీ తెలుసు. బిట్టు తీస్తే దాని ఎత్తు పోతుంది. అయిన పలకలకీ కావలసిన పలకలకీ మలుపు ఒక్కలా కలవాలంటే ఆ ఎత్తు మళ్ళీ అంగుళంలో ఏ నూరో వంతుకో సరిపెట్టాలి. వేసి చూసుకోవడానికి వేరే చెక్క లేదు. అంతసేపు కరెంటు ఉంటుందన్న నమ్మకమూ లేదు.

"ఇవాళొక్క రోజుకి నీ పూజ మానవయ్యా బాబూ! ఆ బిట్టుతోనే ఒకసారి తిప్పి చూడు, ఎటు తిరిగితే అటు కనిపిస్తుంది."

"తిరగబడి ఉంటే బిట్టు లేచి ఎవరి మొహంలోకి వస్తుందో చెప్పలేనండి."

యోహానుకి కూడా చిర్రెత్తింది. "ఏంటి ఆచారి గారూ, మా జనం పొద్దున్నే తలంటుకుని వచ్చి కూచుంటారు. పీట లేకుండా గుడేంటంటారు. మా అయ్యగారు బస్తా మీద నిలబడి వాక్యం చెప్పాలా?"

పాస్టరు గారు నవ్వబోయి మానేశారు.

"యోహాను గారూ, మీ చెక్క నా దగ్గరుంది. చెక్క అవతల ఈయన ఉంటాడు," అని కోటాచారి గారు నన్ను చూపించారు. యోహానుని వర్క్‌షాపులో 'గారూ' అని పిలిచింది ఆయనొక్కరే. "రత్నం గారూ, అవతల మీరు నిలబడతారా?"

"నిలబడతానయ్యా, నాకేం భయం?"

"అయితే మీక్కూడా తీసే చూస్తానండి."

బిట్టు తీశారు. బొట్టు పెట్టారు. స్విచ్చి వేసి తీశారు. కడ్డీ తిరిగింది, మందగించింది, ఎర్రచుక్క కనిపించింది. అందరం మెడలు చాచి చూశాం.

సరిగ్గానే తిరుగుతోంది.

వెంకటరత్నం గారు బల్ల మీద అరచేత్తో కొట్టి బయటికి వెళ్ళిపోయారు. కోటాచారి గారి మొహంలో చిన్నతనం లేదు, తప్పు చేసిన చూపూ లేదు. చేతులు పెట్టేటప్పుడు ఎవరూ స్విచ్చి వేయకుండా, వెళ్ళి మిషను ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. అయిన పలక ఒకటి తెచ్చి బిట్టు పక్కన ఆనించి, కడ్డీని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ, పలకకీ బిట్టుకీ మధ్య సిగరెట్టు కాగితం ఇరుకుగా జారేదాకా ఎత్తు సరిచేశారు. నేనేమో పైనున్న బల్బు వైపు చూస్తూ, అది ఆరిపోకూడదని మొక్కుకుంటున్నాను. తర్వాత పలకలు ఒక్కొక్కటే నడిచాయి. చిన్న ముద్దలే. ఆ రోజు కూడా ఒక్క విడత తగ్గించలేదు. మలుపులు పక్కపక్కన పెడితే గాలివానకి ముందువేవో తర్వాతవేవో తెలియలేదు.

ఆఖరి పలక చేతిలోకి తీసుకోబోతుండగా బల్బు ఆరిపోయింది. పీఠానికి ముందువైపు, జనానికి ఎదురుగా ఉండే పలక అది.

వెంకటరత్నం గారు లోపలికి వచ్చారు. "చూశావా? నీ చాదస్తానికి ఎంతసేపు పోయిందో అంతసేపట్లో ఈ పలక అయిపోయేది. మాటిచ్చింది నేను. రేపు మొహం ఎక్కడ పెట్టుకోను? సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

"మంచిదండి," అన్నారు కోటాచారి గారు. పలకని గోడకి ఆనించి, దాని మీద దుమ్ము పడకుండా గోనె కప్పారు. పాస్టరు గారు ఆఖరి బస్సుకి వెళ్ళిపోయారు. యోహాను ఎడ్లని విప్పి వర్క్‌షాపు వసారాలో పడుకున్నాడు.

ఇంటికి వెళ్తూ దారిలో ఆయన్ని అడిగాను. "సరిగ్గానే తిరిగింది కదా ఆచారి గారూ. చూడకపోయినా పోయేదేం లేదు కదా?"

"పోయేది లేదని మనకి ఎప్పుడు తెలిసిందండీ?"

"చూశాక."

ఆయన తలూపి తన సందులోకి తిరిగిపోయారు. గొప్ప మాట చెప్పానన్న నడక కూడా కాదు అది.

నేను తర్వాత వేరే ఊళ్ళో పారిశ్రామిక శిక్షణ సంస్థలో చేరి, చెక్కపని విభాగంలోనే రిటైరయ్యాను. రోజూ పొద్దున ఖాళీ కడ్డీ తిప్పి చూడకుండా ఎవరినీ మిషను ముట్టుకోనివ్వలేదు. పిల్లలు విసుక్కునేవారు. "ఎప్పుడైనా తిరగబడిందా సార్?" అనేవారు. చాలా అరుదుగా తిరగబడింది. అలా దొరికిన రోజుల గురించి నేనూ అందరిలాగే గొప్పగా చెప్పుకున్నాను. కానీ కోటాచారి గారి నుంచి నాకు నిజంగా అందింది ఆ రోజులు కావు. చూస్తే ఏమీ దొరకని రోజులు. నలుగురి ముందు మాట పడి, పని పోగొట్టుకుని, చేతికి రుజువు కూడా దక్కని రోజున ఒక మనిషి ఎలా నిలబడతాడో నాకు ఆయనే చూపించారు. నాకోసం ఎవరైనా చేసిన గొప్ప మేలు ఏదని అడిగితే ఆ సాయంత్రమే చెబుతాను. అందులో నాకు ఏమీ జరగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా హోటలు రేడియో మోగింది. కరెంటు వచ్చిందని దాన్నిబట్టే మాకు తెలిసేది. నేను పరుగున వెళ్ళేసరికి కోటాచారి గారు అప్పటికే గోచీ బిగించి ఉన్నారు. యోహాను ఎడ్లని బండికి కడుతున్నాడు. వెంకటరత్నం గారు కుర్చీలో అటు తిరిగి కూర్చున్నారు. ఉన్నది ఒక్క పలక. బిట్టు ఎత్తు నిన్నటిదే, సరిగ్గా ఉంది. ఈ పూట ఏం చేస్తారా అని చూస్తూ నిలబడ్డాను.

ఆయన స్పానరు తీసుకున్నారు.

వెంకటరత్నం గారి భుజాలు కదిలాయి. యోహాను ఎడ్ల పగ్గం వదిలి లోపలికి వచ్చాడు. "ఉండనివ్వండి రత్నం గారూ," అన్నాడు, ఆయన ఏమీ అనకముందే. "రాత్రి పడుకుని ఆలోచించాను. మావోళ్ళు కొమ్మెక్కితే బరువెయ్యకముందు పాదంతో తొక్కి చూత్తారు. ఏ కొమ్మా విరగదు. అయినా తొక్కకుండా ఎక్కినోణ్ణి నేను కోతకి తీసుకెళ్ళను." అని గోడ దాకా జరిగి నిలబడ్డాడు.

బిట్టు వచ్చింది. బొట్టు పడింది. కడ్డీ తిరిగి ఆగింది.

"ఎటు?" అన్నారు వెంకటరత్నం గారు, ఇటు తిరక్కుండానే.

"సరిగ్గానేనండి."

"నిన్నా సరిగ్గానే తిరిగింది."

"నిన్న నిన్నటిది చూశామండి."

వెంకటరత్నం గారు లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "ఆలస్యమైందని నేను బండితో వెళ్ళి వాళ్ళకి చెప్పుకుంటాను. నువ్వు తొందరపడకు," అన్నారు. సోమవారం మాట మళ్ళీ ఎత్తలేదు.

కాగితం సందు చూసుకుని, ఫ్యూజు పెట్టి, కోటాచారి గారు పనస పలక ఎత్తి బల్ల మీద ఆనించారు. కళ్ళజోడు సర్దుకుని అవతల ఉన్న నా వైపు చూశారు.

"చేతులు వెయ్యండి."

వేశాను. పలక నెమ్మదిగా నా వైపు వచ్చింది. అందుకున్నాను.